మా ఇంట్లో గుండెజబ్బు ఉంది, నాకూ వస్తుందా? – తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు కొత్తపేట అయినా, విజయవాడ సూర్యారావుపేట అయినా, గుండె డాక్టరు గది బయట వినపడే మాటలు ఒకటే. లోపల పెద్దాయనకు యాంజియోగ్రామ్ జరుగుతుంటుంది. బయట కొడుకులూ, అల్లుళ్లూ, చెల్లెళ్లూ "మరి మా సంగతేంటండీ" అని మెల్లగా కదుపుతారు. జనరల్ ఫిజీషియన్‌ని కాబట్టి అవే సందేహాలు నా బల్ల దగ్గరికీ తిరిగి తిరిగి వస్తుంటాయి. అందుకే ఒకచోట రాసిపెట్టాను. వరుసగా చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని దాని కింద జవాబు చదువుకోండి. రోజూ వాడే మందుల డోసులు మాత్రం కావాలనే రాయలేదు. అవి మిమ్మల్ని చూసిన డాక్టరు చెప్పాల్సినవి.

## ఇంట్లో ఆరా తీసేటప్పుడు

మా నాన్నకు 72 ఏళ్లప్పుడు హార్ట్ ఎటాక్ వచ్చింది. ఇది ఫ్యామిలీ హిస్టరీ కిందికి వస్తుందా?

డాక్టర్లు గట్టిగా పట్టించుకునేది చిన్న వయసులో వచ్చిన జబ్బుని. నాన్నకో అన్నదమ్ములకో 55 ఏళ్ల లోపు, అమ్మకో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్ల లోపు వస్తే దాన్ని బలమైన ఫ్యామిలీ హిస్టరీ అంటారు. 72లో వచ్చినదానికి అంత బరువు లేదు. అయితే ఒక మెలిక ఉంది. లెక్క పెట్టాల్సింది పోయిన వయసు కాదు, జబ్బు మొదట బయటపడిన వయసు. 50లో స్టెంట్ వేయించుకుని 72 దాకా బతికిన నాన్న గురించి "పెద్ద వయసులోనే పోయారండీ" అని చెప్పేవాళ్లు చాలామంది. అసలు విషయం ఆ 50 దగ్గర ఉంది.

ఎవరెవరిని లెక్కలోకి తీసుకోవాలి? బాబాయి, మేనమామ కూడానా?

ముందు వరసలో అమ్మానాన్న, తోబుట్టువులు, కన్నపిల్లలు. రెండో వరసలో తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ, పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పిన్ని. రెండో వరసలో ఒక్కరికి వస్తే దాని బరువు తక్కువ. అదే వైపు ఇద్దరు ముగ్గురికి చిన్న వయసులో వస్తే మాత్రం డాక్టరుకు చెప్పి తీరాలి.

మన ఇళ్లలో జరిగే పొరపాటు ఏంటంటే, ఇంటిపేరు వైపే లెక్కేస్తారు. మేనమామ 44కే పోయినా "ఆయన వాళ్లింటివాడు కదా" అంటారు. మీలో సగం అమ్మ వైపు నుంచి వచ్చిందే. భార్య తరఫు బావమరుదుల జబ్బు మీకు లెక్కలోకి రాదు, మీ పిల్లలకు వస్తుంది. మేనరికం అయితే ఒకే మనిషి రెండు వైపుల నుంచీ చుట్టం అవుతాడు, అది కూడా చెప్పండి.

తాత ఉన్నట్టుండి పోయాడంటారు. అంతకు మించి ఎవరికీ తెలీదు. ఎలా కనుక్కోవాలి?

ఇంట్లో పెద్ద మేనత్తనో, పెద్దమ్మనో కూర్చోబెట్టి అడగండి. మగవాళ్లకంటే వాళ్లకే బాగా గుర్తుంటాయి. వయసు ఎంతంటే చెప్పలేరు. "దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా? అప్పటికి చిన్నత్త పెళ్లయిందా?" అంటే చెబుతారు. ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది కాబట్టి అక్కణ్నుంచి మీరే లెక్క కట్టుకోవచ్చు.

తర్వాత ఎలా పోయారో అడగండి. చెమటలు పట్టి, గుండెలో బరువుగా ఉందని కూర్చుని గంటలో పోయారా? అది హార్ట్ ఎటాక్ అయి ఉండే అవకాశం ఎక్కువ. మూతి వంకరపోయి, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయా? అది పక్షవాతం, దాన్నీ రాసుకోండి. ఏళ్ల తరబడి ఆయాసం, కాళ్ల వాపులతో తీసుకుని పోయారా? అది కవాటాల జబ్బో, గుండె కండరం బలహీనపడటమో కావచ్చు. ఈత బాగా వచ్చిన కుర్రాడు కాలవలో మునిగిపోయాడా, ఆడుతూ ఆడుతూ పడిపోయాడా? ఇది వేరే రకం అనుమానం, తప్పకుండా చెప్పాలి.

పెద్దకర్మ రోజు చుట్టాలందరూ ఒకచోట చేరతారు. భోజనాలయ్యాక ఇవి అడిగితే ఎవరూ తప్పు పట్టరు. ఒక తెల్ల కాగితం మీద వరస, జబ్బు, వయసు, పొగ అలవాటు, బీపీ, షుగరు రాసి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. నా దృష్టిలో ఆ కాగితం ఏ స్కాన్‌కీ తీసిపోదు.

నాన్న రోజంతా చుట్ట కాల్చేవారు. నాకు ఆ అలవాటు లేదు. అయినా నాకు ముప్పేనా?

నాన్న జబ్బులో పొగాకు వాటా ఎంతో ఉండి ఉంటుంది, ఆ వాటా రక్తంలో మీకు రాదు. మిగతాది రావచ్చు. పొగాకు ఒక్కటే కారణమని తేల్చుకుని పరీక్షలు మానేయకండి. ఇంట్లో పొగ పీలుస్తూ పెరిగారా అన్నది కూడా డాక్టరుకు చెప్పండి. దేశపు పొగాకు బోర్డు ఆఫీసే గుంటూరులో ఉంది, మన జిల్లాల్లో చుట్ట, బీడీ, సిగరెట్టు ముట్టని ఇల్లు వెతుక్కోవాలి. కాల్చేవాళ్లు మానేస్తే ఒక్క ఏడాదిలోనే అదనపు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది.

ఫ్యామిలీ హిస్టరీ ఉంటే ముప్పు ఎంత పెరుగుతుంది? రాసిపెట్టి ఉన్నట్టేనా?

సుమారుగా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. అన్నకో తమ్ముడికో వస్తే అమ్మానాన్నకు వచ్చినదానికంటే కాస్త ఎక్కువే అనుకోవాలి. దీనికి తోడు, మన దక్షిణాసియా వాళ్లకు గుండెపోటు తొందరగా వస్తుంది. 52 దేశాల్లో చేసి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు వయసు మనవాళ్లలో మధ్యస్థంగా 53 ఏళ్లు, మిగతా దేశాలవాళ్లలో 59కి దగ్గర.

రాసిపెట్టి ఉందనడం మాత్రం తప్పు. జన్యుపరంగా ముప్పు ఎక్కువున్నవాళ్లలోనూ పొగ మాని, బరువు అదుపులో పెట్టుకుని, కదులుతూ, తిండి చూసుకున్నవాళ్లకు ముప్పు దాదాపు సగం తగ్గినట్టు 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపించింది. పైగా ఇంట్లో అందరికీ జబ్బు రావడానికి జన్యువులే కారణం కానక్కర్లేదు. ఒకే జాడీలో ఆవకాయ, ఒకే డబ్బాలో నూనె, ఒకే టీవీ ముందు కూర్చోవడం కూడా వారసత్వంగానే వస్తాయి.

నన్ను దత్తత తీసుకున్నారు. మా వాళ్ల ఆరోగ్యం గురించి ఏమీ తెలీదు.

డాక్టరుకు "తెలీదు" అనే చెప్పండి, "ఏమీ లేదు" అని చెప్పకండి. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. పరీక్షలు త్వరగా మొదలుపెట్టడానికి "తెలీదు" అన్న మాట చాలు.

## పరీక్షలకు బయల్దేరేటప్పుడు

ఏ వయసులో మొదలుపెట్టాలి? నాకు ఇంకా 26 ఏళ్లే.

మొదలుపెట్టే వయసు దాటేశారు. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొలెస్ట్రాల్ పరీక్ష అందరూ 18 ఏళ్లకే ఒకసారి చేయించుకోవాలి, ఇంట్లో చిన్న వయసు గుండెజబ్బు ఉంటే ఇంకా ముందే. బీపీ 18 దాటిన దగ్గర్నుంచి ఏడాదికోసారైనా చూపించుకోండి. షుగరు మామూలుగా 30 నుంచి, బొజ్జ ఉన్నా ఇంట్లో షుగరున్నా ఇంకా ముందు.

30 దాటినవాళ్లకు ఆశా వర్కరు, ఏఎన్ఎం ఇంటికొచ్చి ఫారం నింపుతారు. అందులో అమ్మానాన్నకో తోబుట్టువులకో బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నాయా అన్న ప్రశ్న ఉంటుంది. గుమ్మంలో నిలబడి "ఏమీ లేవమ్మా" అని పంపించేయకండి.

ల్యాబ్ వాళ్లు పెద్ద ప్యాకేజీ చెబుతున్నారు. నిజంగా ఏవి కావాలి?

మొదటిసారికి ఇవి చాలు: బీపీ, టేపుతో నడుం కొలత, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) లేదా పరగడుపు షుగరు, లిపిడ్ ప్రొఫైల్ అనే కొలెస్ట్రాల్ పరీక్ష, జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్-ఎ, ఒక ఈసీజీ. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ కలపాలి. ప్యాకేజీల్లో పేజీలకు పేజీలు రిపోర్టు వస్తుంది, విటమిన్ల దగ్గర్నుంచి క్యాన్సర్ మార్కర్ల దాకా అన్నీ ఉంటాయి. మీకు అసలు కావాల్సిన లైపోప్రోటీన్-ఎ ఉందో లేదో డబ్బు కట్టే ముందు అడగండి.

పరగడుపునే రావాలా?

కొలెస్ట్రాల్‌కు అక్కర్లేదు, ఇడ్లీ తిని వెళ్లినా ఫర్వాలేదు. అదే రిపోర్టులో వచ్చే ఇంకో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్స్, 400 దాటితే మాత్రం పరగడుపున మళ్లీ చేయించాలి. హెచ్‌బీఏ1సీకి కూడా ఉపవాసం అవసరం లేదు. పరగడుపు షుగరుకు 8 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు.

లైపోప్రోటీన్-ఎ అంటే ఏంటి? మామూలు కొలెస్ట్రాల్ టెస్టులో రాదా?

రాదు, విడిగా రాయించుకోవాలి. ల్యాబుల్లో "ఎల్‌పీ స్మాల్ ఏ" అంటే తెలుస్తుంది. ఇది ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ లాంటి ఒక కణం. ఎంత ఉంటుందన్నది చాలావరకు పుట్టుకతోనే నిర్ణయమైపోతుంది. తిండి, నడక, బరువు తగ్గడం దాన్ని పెద్దగా కదిలించవు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలూ తగ్గించవు. అందుకే ఒక్కసారి చూస్తే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ కింద లెక్క. కొన్ని ల్యాబులు వేరే కొలతలో, నానోమోల్స్‌లో ఇస్తాయి, అందులో హద్దు 125.

"తగ్గించలేనప్పుడు తెలుసుకుని ఏం లాభం?" అని చాలామంది అడుగుతారు. లాభం ఉంది. అది ఎక్కువున్నప్పుడు ఎల్‌డీఎల్‌ని, బీపీని మామూలు వాళ్లకంటే గట్టిగా అదుపు చేస్తాం. సన్నగా ఉండి, పొగతాగక, షుగర్ లేక 42కే గుండెపోటు తెచ్చుకున్న మనిషిలో చాలాసార్లు దొరికే జవాబు ఇదే. మీకు ఎక్కువ వస్తే మీ తోబుట్టువులు, పిల్లలు కూడా ఒకసారి చూపించుకోవాలి.

ఈసీజీ, ఎకో, టీఎంటీ మూడూ నార్మల్. ఇక భయం లేదు కదా?

మంచి మాటే, హామీ మాత్రం కాదు. ఈసీజీ ఆ కొన్ని సెకన్లలో గుండె విద్యుత్తు ఎలా ఉందో చెబుతుంది. నొప్పి లేనప్పుడు తీస్తే రక్తనాళాల్లో జబ్బున్నా నార్మల్‌గా రావచ్చు. ఎకో కండరాన్ని, కవాటాలను చూస్తుంది, రక్తనాళాల లోపలికి చూడదు. ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే టీఎంటీలో నాళం బాగా, సుమారు 70 శాతం మూసుకుంటేనే సాధారణంగా తేడా కనపడుతుంది.

చిక్కంతా ఇక్కడే. గుండెపోట్లు చాలావరకు 70 శాతం అడ్డుపడ్డ చోట రావు. నాళం గోడలో 30, 40 శాతం మాత్రమే ఉబ్బిన కొవ్వు పూడిక ఒకరోజు పైన చిట్లుతుంది, దాని మీద నిమిషాల్లో రక్తం గడ్డ కడుతుంది, నాళం మూసుకుపోతుంది. ముందురోజు ట్రెడ్‌మిల్ మీద బాగానే నడిచిన మనిషికి ఇలా జరగడం వింతేమీ కాదు. కాబట్టి ఈ పరీక్షలు నార్మల్ వచ్చాయని పొగ, బీపీ, ఎల్‌డీఎల్ సంగతి వదిలేయకూడదు. పూడిక పెరగకుండా, చిట్లకుండా ఆపేది వాటి అదుపే.

కాల్షియం స్కోర్ స్కాన్ చేయించుకోమన్నారు. అందరికీ అవసరమా?

అందరికీ కాదు. మందు మొదలుపెట్టాలా వద్దా అని తేలని, సాధారణంగా 40 దాటినవాళ్లకు ఉపయోగపడుతుంది. ఇది సీటీ స్కాన్. ఇంజెక్షన్ ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది, రేడియేషన్ తక్కువ. గుండె నాళాల్లో సున్నం పేరుకున్న పూడికను లెక్కిస్తుంది. సున్నా వస్తే వచ్చే కొన్నేళ్లకు ముప్పు తక్కువ. 100 దాటితే స్టాటిన్ విషయంలో ఇక తటపటాయింపు అక్కర్లేదు. 30ల్లో ఉన్నవాళ్లకు సున్నా వచ్చినా సంబరపడటానికి లేదు, ఆ వయసు పూడికకు ఇంకా సున్నం పట్టి ఉండదు.

ఇవన్నీ ఎందుకు, నేరుగా యాంజియోగ్రామ్ చేయించుకుంటే పోలా?

లక్షణాలు లేని మనిషికి వద్దు. నాళంలోకి గొట్టం పంపి చేసే పరీక్ష అది, చిన్నదైనా ప్రమాదం ఉంది. ధైర్యం కోసం చేయించుకునేది కాదు.

గవర్నమెంటు ఆసుపత్రిలో ఇవి చేస్తారా?

ఊళ్లో విలేజ్ క్లినిక్, పీహెచ్‌సీల్లో బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు, మందులూ ఇస్తారు. పై పరీక్షలకు విజయవాడ, గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులు (జీజీహెచ్‌లు), మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. అన్ని పరీక్షలూ అన్ని రోజులూ ఉండవు కాబట్టి ఓపీ రోజు కనుక్కుని వెళ్లండి. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే పాత ఆరోగ్యశ్రీ, స్టెంట్, బైపాస్ లాంటి చికిత్సలకు పనికొస్తుంది. ముందుజాగ్రత్త పరీక్షలకు దాని మీద ఆశ పెట్టుకోకండి.

## రిపోర్టు చేతికొచ్చాక

ఎల్‌డీఎల్ 126 ఉంది. పక్కన నార్మల్ అనే రాశారు. డాక్టరు మాత్రం ఎక్కువంటున్నారు. ఎవరిది నిజం?

డాక్టరుది. ల్యాబ్ కాగితం మీద అచ్చేసిన హద్దు అందరికీ ఒకటే, మీ ఇంటి చరిత్ర దానికి తెలీదు. మన దేశంలోని 2024 మార్గదర్శకాల ప్రకారం ముప్పు తక్కువ, మధ్యస్థం ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ 100 లోపు, ముప్పు ఎక్కువున్నవాళ్లకు 70 లోపు, ఇప్పటికే గుండెపోటు లాంటివి వచ్చినవాళ్లకు 55 లోపు ఉండాలి.

కాగితం మీద ఇంకో లెక్క మీరే వేసుకోవచ్చు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్ట్రాల్, తీసేయండి. ఉదాహరణకు 210లోంచి 38 తీస్తే 172. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు, మీ ఎల్‌డీఎల్ లక్ష్యానికి 30 కలిపితే దీని హద్దు వస్తుంది. 100 లక్ష్యమైతే 130 లోపు ఉండాలన్నమాట. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉండటం మనవాళ్లలో మామూలు. అలాంటివాళ్లలో ఎల్‌డీఎల్ కంటే ఈ అంకె నిజం చెబుతుంది.

ఎల్‌డీఎల్ 215 వచ్చింది. సన్నగా ఉంటాను, నూనె కూడా తక్కువే. ల్యాబ్ తప్పా?

ఇంకోసారి చేయించండి. మళ్లీ 190 దాటితే, అందులోనూ ఇంట్లో చిన్న వయసు గుండెపోటు ఉంటే, ఇది పుట్టుకతో వచ్చే కొలెస్ట్రాల్ జబ్బు కావచ్చు. ఫెమీలియల్ హైపర్‌కొలెస్ట్రలీమియా అంటారు. ప్రపంచవ్యాప్తంగా సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుంది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కునే ద్వారాలు కాలేయం మీద సరిగా పనిచేయవు. ఆ ద్వారాలను కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది.

ఒంటి మీద గుర్తులుంటాయేమో చూసుకోండి: మడమ వెనక తాడులాంటి స్నాయువు (టెండన్) లావుగా ఉండటం, వేళ్ల కణుపుల మీద గట్టి బుడిపెలు, 45 లోపే నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం. గుర్తులు లేనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. తిండి మార్పుతో ఇది లొంగదు, మందు కావాలి. ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం, అందుకని తోబుట్టువులు, పిల్లలు అందరూ ఒక లిపిడ్ పరీక్ష చేయించుకోవాలి. ఒక్కరి రిపోర్టుతో ఇంట్లో నలుగురిని కాపాడుకునే సందర్భం ఇది.

ఆసుపత్రిలో బీపీ 150, ఇంట్లో 128. ఏది రాసుకోవాలి?

రెండూ. తెల్లకోటు చూస్తే పెరిగేవాళ్లు చాలామందే. చేతికి కట్టే డిజిటల్ మిషన్ కొనుక్కోండి, మణికట్టుది వద్దు. కాఫీ తాగి అరగంట దాటాక, అయిదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని, మాట్లాడకుండా కూర్చుని చూడండి. వారం రోజులు ఉదయం, సాయంత్రం రాసి డాక్టరుకు చూపించండి. ఇంట్లో సగటు 135/85 దాటితే బీపీ ఉన్నట్టే.

బరువు సరిగానే ఉంది, కాస్త బొజ్జ మాత్రమే. అది లెక్కా?

లెక్కే. మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. ప్యాంటు సైజు 34 అని చెప్పకండి, ఆ ప్యాంటు బొజ్జ కింద కట్టింది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన టేపు పెట్టి, ఊపిరి వదిలాక చూడండి.

షుగరు బోర్డర్లో ఉందన్నారు.

హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ఆ మాట అంటారు, 6.5 నుంచి డయాబెటిస్. ఇంట్లో గుండెజబ్బు ఉన్నవాళ్లు బోర్డర్‌నే హెచ్చరికగా తీసుకుని బరువు తగ్గాలి, ఏడాదికోసారి మళ్లీ చూపించుకోవాలి.

నేను ఆడదాన్ని. నాకు 40 ఏళ్లు. ఇది మగవాళ్ల జబ్బు కదా?

కాదు. మీ పాత కాన్పు ఫైలు బీరువాలోంచి తీయండి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా, గుర్రపు వాతం వచ్చిందా, షుగరు వచ్చిందా, నెలలు నిండకుండా కాన్పయిందా? కాన్పుతో అవి పోయాయని మర్చిపోతారు, ముప్పు మాత్రం మిగులుతుంది. 40 లోపే నెలసరి ఆగిపోయినా, చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేసినా అంతే. మన జిల్లాల్లో ఆ ఆపరేషన్ చిన్న వయసులోనే చేయించుకున్న ఆడవాళ్లు ఎంతోమంది ఉన్నారు, వాళ్లలో ఎవరూ గుండె పరీక్షకు వచ్చి ఆ సంగతి తమంతట తాము చెప్పరు. మీరు చెప్పండి.

## మందులూ, తిండీ

స్టాటిన్ మొదలుపెడితే జీవితాంతం వాడాలట. లివర్ పాడవుతుందట.

లాభం కావాలంటే వాడుతూనే ఉండాలి, మానేస్తే కొలెస్ట్రాల్ కొన్ని వారాల్లో పాత చోటికే వస్తుంది. లివర్ తీవ్రంగా దెబ్బతినడం చాలా అరుదు. కొందరికి కండరాల నొప్పులొస్తాయి, డోసు తగ్గించో, మందు మార్చో సరిచేయొచ్చు. షుగరు కొద్దిగా పెరగవచ్చు, అప్పటికే బోర్డర్లో ఉన్నవాళ్లలో ముఖ్యంగా. ముప్పు ఎక్కువున్నవాళ్లకు లాభం దానికంటే చాలా పెద్దది. మొదలుపెట్టిన 6 నుంచి 12 వారాల్లో లిపిడ్ మళ్లీ చూపించాలి. రిపోర్టు బాగుందని మానేసేవాళ్లే ఎక్కువ, అది బాగుంది మందు వల్లే. గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి.

పక్కింటాయన రోజూ ఆస్పిరిన్ వేసుకుంటాడు. నేనూ మొదలుపెట్టనా?

వద్దు. గుండెపోటు వచ్చినవాళ్లకు, స్టెంట్ పడ్డవాళ్లకు అది అవసరం. ఏమీ రానివాళ్లకు కడుపులో, మెదడులో రక్తస్రావం అయ్యే ముప్పు లాభాన్ని మింగేస్తుంది.

ఆవకాయ, గోంగూర మానేయాలా? ఏ నూనె వాడాలి?

గుంటూరు మనిషిని కారం మానమని నేనెప్పుడూ అనను, గుండెకు కారం శత్రువు కాదు. ఉప్పు శత్రువు. రోజంతా కలిపి ఒక చెంచా, 5 గ్రాములు, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఊరగాయ ముద్ద, వడియాలు, అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు, అన్నంలో కలుపుకునే పొడి, పైన పెరుగులో ఇంకో చిటికెడు. ఒక్క పూటలోనే హద్దు దాటేస్తాం. ఆవకాయ పండగకీ, ఆదివారానికీ ఉంచుకుని రోజూ పళ్లెంలో సగం కూర, పప్పు ఉండేట్టు చూసుకోండి, అన్నం దానంతటదే తగ్గుతుంది. గోంగూర ఆకు మంచిదే, పచ్చడిలో పోసే నూనె, ఉప్పు గురించే బాధ.

నూనెలో వేరుశెనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, తవుడు నూనె ఏదైనా సరే, మార్చి మార్చి వాడండి. ఇంట్లో మనిషికి నెలకు అర లీటరు దాటనివ్వకండి. పామాయిల్, డాల్డా తగ్గించండి. సాయంత్రం బండి మీద మిరపకాయ బజ్జీ వేసే మూకుడులోకి ఒకసారి తొంగి చూడండి. నూనె నల్లబడి, బుడగలు నురగలా కడుతుంటే పక్కకు తప్పుకోండి.

రోజూ నడుస్తాను. అది చాలా?

వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడిస్తే చాలు. బెజవాడ ఎండల్లో తెల్లారకముందే ముగించండి. 40 దాటాక ఒక్కసారిగా జిమ్ములో బరువులో, ఆదివారం క్రికెట్టో మొదలుపెట్టేవాళ్లు ముందు ఒకసారి డాక్టరుకు చూపించుకోండి.

## పిల్లలు, పెళ్లిళ్లు

నాకు 38కే స్టెంట్ పడింది. పిల్లలకు ఎప్పుడు పరీక్ష చేయించాలి?

ఇంట్లో ఇంత చిన్న వయసులో జబ్బున్నా, తల్లికో తండ్రికో ఎల్‌డీఎల్ బాగా ఎక్కువున్నా రెండేళ్లు దాటాక ఎప్పుడైనా లిపిడ్ పరీక్ష చేయించవచ్చు. ఆలస్యమైనా పదేళ్ల లోపు చేయించండి. పుట్టుకతో వచ్చే కొలెస్ట్రాల్ జబ్బు తేలితే 8–10 ఏళ్ల వయసు నుంచే మందు మొదలుపెడతారు. ఈసీజీ, స్కాన్లతో పిల్లల్ని తిప్పకండి.

మేనరికం చేసుకోవాలనుకుంటున్నాం. రెండు ఇళ్లలోనూ గుండెపోట్లు ఉన్నాయి.

నిశ్చయ తాంబూలాలకు ముందే ఇద్దరికీ లిపిడ్ ప్రొఫైల్ చేయించండి, ఖర్చు పెద్దదేమీ కాదు. పుట్టుకతో వచ్చే కొలెస్ట్రాల్ జబ్బు ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు రెండు వైపుల నుంచీ వస్తుంది. అలాంటి పిల్లలకు ఎల్‌డీఎల్ 400, 500 దాటుతుంది, స్కూలు వయసులోనే గుండెపోటు రావచ్చు. ఇద్దరికీ నార్మల్ వస్తే ఈ ఒక్క భయం తీరినట్టే, మేనరికంలో ఉండే మిగతా జన్యు సమస్యల సంగతి వేరు.

మా తమ్ముడు 27 ఏళ్లకే షటిల్ ఆడుతూ కుప్పకూలి చనిపోయాడు. కొలెస్ట్రాల్ వల్లేనా?

ఆ వయసులో, ఆటలో పోయారంటే ముందు అనుమానించాల్సింది గుండె కండరం మందంగా మారే జబ్బుని, లేదా గుండె లయ తప్పే పుట్టుక జబ్బుల్ని. మొదటిది సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది, అమ్మానాన్నల్లో ఒకరికున్నా పిల్లలకు సగం అవకాశం. పోస్టుమార్టం జరిగి ఉంటే ఆ రిపోర్టు కాపీ తెచ్చుకోండి. అమ్మానాన్న, తోబుట్టువులు, ఆయన పిల్లలు అందరూ కార్డియాలజిస్టు దగ్గర ఈసీజీ, ఎకో చేయించుకోవాలి. పిల్లలకు ఒకసారి నార్మల్ వస్తే సరిపోదు, ఎదిగే వయసులో కొన్నాళ్లకోసారి మళ్లీ చూడాలి.

జన్యు పరీక్ష అవసరమయ్యేది ఇక్కడే. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2009 నాటి పరిశోధనలో గుండె కండరాన్ని బలహీనపరిచే ఒక జన్యు లోపం మనదేశంలో సుమారు 4 శాతం మందిలో కనిపించింది. అది ఉన్న ప్రతివాళ్లకూ జబ్బు రాదు, అందుకే జన్యు రిపోర్టును వివరించే డాక్టరు దగ్గరే పరీక్ష చేయించుకోండి.

సంబంధం వాళ్లకు చెప్పాలా? ఇన్సూరెన్సు వాళ్లకో?

ఇన్సూరెన్సు ఫారంలో అడిగితే ఉన్నదున్నట్టు రాయండి. దాచిన విషయం క్లెయిము రోజున బయటపడితే మొత్తానికే మోసం వస్తుంది. సంబంధం సంగతి మీ ఇష్టం. నా అభిప్రాయం అడిగితే, నాన్నకు స్టెంట్ పడటం పెళ్లికొడుకు తప్పు కాదు, దాచడం వల్ల రేపు ఆ అమ్మాయికి తన పిల్లల గురించి తెలియాల్సింది తెలియకుండా పోతుంది.

## నొప్పి వచ్చిన రోజు

గ్యాసో, గుండె నొప్పో ఎలా తెలుస్తుంది?

ఇంట్లో తేల్చుకోలేరు, నేను కూడా ఈసీజీ లేకుండా తేల్చలేను. మన దగ్గర గుండెపోటుతో పోయినవాళ్ల ఇళ్లలో తరచూ వినపడే మాట "గ్యాస్ అనుకున్నామండీ". సోడా తాగి, ఈనో వేసుకుని, వాము నమిలి, వీపు రుద్దించుకుని రాత్రంతా గడిపేస్తారు. రొమ్ము మధ్య బరువు, బిగుతు, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లటి చెమటలు, ఆయాసం, ఇవి పది నిమిషాలు దాటితే ఇక ఆలోచించకండి. ఆడవాళ్లలో, షుగరున్నవాళ్లలో నొప్పి సరిగా లేకుండా వాంతి, నీరసం, ఆయాసమే కనపడొచ్చు. ఇంట్లో చిన్న వయసు గుండెపోటు ఉన్నవాళ్లు మరీ అనుమానించాలి.

108కి ఫోన్ చేయండి. బైకు వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లకండి, మనిషిని నడిపించకండి, మెట్లెక్కించకండి. ఆస్పిరిన్ పడకపోవడం, ఈమధ్య కడుపులో రక్తస్రావం లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ అలాగే మింగేయకుండా నమిలి మింగమనండి. నాలుక కింద పెట్టే మాత్ర ఎవరో ఇచ్చారని పెట్టకండి, బీపీ పడిపోయి ఉంటే ప్రమాదం. ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, తీయకపోతే గట్టిగా అడగండి. స్టెంట్ వేసే ఆసుపత్రి దూరమైతే రక్తం గడ్డ కరిగించే టెనెక్టిప్లేజ్ ఇంజెక్షన్ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనే దొరకవచ్చు, ఉందా అని అడగండి. నార్మల్‌గా ఉన్నప్పుడు తీసిన పాత ఈసీజీ ఫోటో ఫోన్‌లో ఉంటే డాక్టరుకు చూపించండి, కొత్తదానితో పోల్చడానికి పనికొస్తుంది.

నాన్నకు స్టెంట్ వేసి పంపించారు. ఇప్పుడు మేం ఏం చేయాలి?

డిశ్చార్జ్ సమ్మరీ, యాంజియోగ్రామ్ సీడీ ఇంటికి తెచ్చుకుని జాగ్రత్త చేయండి, సమ్మరీని ఫోటో తీసి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లందరికీ పంపండి. అమెరికాలో ఉన్న చెల్లెలికి కూడా, ఆమె డాక్టరు అడిగేది అదే. నాన్న లైపోప్రోటీన్-ఎ ఇంకా చూడకపోతే తర్వాతిసారి రక్తం తీసేటప్పుడు చూపించమనండి. ఆయనకు చిన్న వయసులో వచ్చి ఉంటే మీరూ, తోబుట్టువులూ నెల లోపు బీపీ, షుగరు, లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి, పిల్లలకు వేసవి సెలవుల్లో ఒక రోజు కేటాయించండి. ఆయన స్టెంట్ మాత్రలు అయిపోవడానికి వారం ముందే కొనిపెట్టుకోవాలి, పంటి వైద్యుడు చెప్పాడనో ఊరెళ్తున్నామనో ఒక్క పూట కూడా ఆపకండి, ఆపాలంటే స్టెంట్ వేసిన డాక్టరే చెప్పాలి.